రోజూ తిరగడానికి ఏ మ్యాప్ యాప్ మంచిది? బైకు, కారు, ఊరి ప్రయాణం

కూకట్‌పల్లి_శ్రీను | శనివారం రాత్రి 9.12

అందరికీ నమస్కారం. కొత్త ఆండ్రాయిడ్ ఫోన్ తీసుకున్నాను. మ్యాప్‌ల విషయంలో తలో మాటా చెబుతున్నారు. ఆఫీసులో ఒకాయన మ్యాపుల్స్ వేసుకోమంటాడు, మా తమ్ముడు వేజ్ అంటాడు, ఇంకొకరేమో నెట్ లేకుండా నడిచేది ఒకటి ఉండి తీరాలంటారు. నా వాడకం ఇదీ: రోజూ బైకు మీద కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి. అప్పుడప్పుడు కారులో పాలకొల్లు, అత్తగారి ఊరు. దసరా సెలవుల్లో పిల్లలతో శ్రీశైలం వెళ్లాలని ఉంది. వీటన్నిటికీ ఒక్క యాప్ సరిపోతుందా? ఫోన్ నిండా యాప్‌లు పెట్టుకోవడం నాకు ఇష్టం ఉండదు.

నిజాంపేట_రైడర్ | శనివారం రాత్రి 9.31

సిటీలో ఆఫీసు ప్రయాణానికైతే గూగుల్ మ్యాప్స్ వదలొద్దన్నా. మ్యాప్ బాగుంటుందని కాదు, ట్రాఫిక్ కోసం. రోడ్డు మీద పోతున్న ఫోన్లు ఎంత వేగంతో కదులుతున్నాయో చూసి అది ఎరుపు, నారింజ, ఆకుపచ్చ గీతలు గీస్తుంది. మన దగ్గర దాదాపు ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్లో అది ముందే వేసి ఉంటుంది కాబట్టి దానికి దొరికినంత సమాచారం ఇంకొకరికి దొరకడం కష్టం. బెర్లిన్‌లో ఒక కళాకారుడు 99 ఫోన్లు చిన్న తోపుడు బండిలో వేసుకుని ఖాళీ రోడ్డు మీద నడుచుకుంటూ పోతే ఆ రోడ్డు మ్యాప్‌లో ఎర్రగా మారిపోయింది. 2020లో ఆ వీడియో బాగా తిరిగింది, చూసే ఉంటావు.

బైకు గుర్తు నొక్కావో లేదో మాత్రం చూసుకో. టూవీలర్ మోడ్‌ని గూగుల్ 2017 డిసెంబరులో ముందుగా మన దేశంలోనే తెచ్చింది. అయినా చాలామంది కారు గుర్తు మీదే వదిలేస్తారు. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఉన్న పొడుగాటి ఫ్లైఓవర్, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదికి బైకుల్ని రానివ్వరు. కారు గుర్తు పెట్టుకుని ఆ వైపు పోతే పైకి ఎక్కమనే చెబుతుంది మరి.

చందానగర్_లక్ష్మి | శనివారం రాత్రి 9.50

టూవీలర్ మోడ్ గురించి నాది కొంచెం వేరే మాట. దూరం తగ్గించడానికి అది గల్లీలు పట్టిస్తుంది. పగలైతే పరవాలేదు. రాత్రి పది దాటాక ఆఫీసు నుంచి స్కూటీ మీద ఒక్కదాన్నే వచ్చేటప్పుడు లైట్లు లేని గల్లీ, వెంటపడే కుక్కలు, సగం తవ్వి వదిలేసిన రోడ్డు నాకు అక్కర్లేదు. అందుకే రాత్రిపూట కావాలనే కారు గుర్తు పెడతాను. రెండు కిలోమీటర్లు ఎక్కువైనా మెయిన్ రోడ్డే. నా దారిలో బైకులు ఎక్కకూడని ఫ్లైఓవర్ లేదు కాబట్టి ఇది నడుస్తుంది, అందరికీ నడవకపోవచ్చు.

ఇరుకు రోడ్లు తప్పించే సదుపాయం కార్లకైతే 2024 జూలైలో వచ్చింది. మొదట పెట్టిన ఎనిమిది నగరాల్లో హైదరాబాద్ ఒకటి. 'వెలుతురున్న రోడ్డు' అని స్కూటీవాళ్లకి ఒక బటన్ పెట్టే యాప్ ఏదైనా వస్తే ఆ రోజే దానికి మారిపోతాను.

కొంపల్లి_కార్తీక్ | శనివారం రాత్రి 10.20

కారుకి మ్యాపుల్స్ వాడి చూడండి సార్. దీన్ని తయారుచేసే మ్యాప్‌మైఇండియా 1995 నుంచి ఉన్న కంపెనీ, గూగుల్ మ్యాప్స్ 2005లో కదా వచ్చింది. కార్లలో కంపెనీవాళ్లు బిగించి ఇచ్చే స్క్రీన్లలో చాలావాటికి మ్యాప్ వీళ్లదే. నాకు నచ్చింది జంక్షన్ బొమ్మ. ఫ్లైఓవర్ దగ్గరికి వస్తుండగానే ఏ లైను పట్టుకోవాలో నిజం రోడ్డులాగే గీసి చూపిస్తుంది. ఓఆర్‌ఆర్, అంటే ఔటర్ రింగ్ రోడ్డు, 158 కిలోమీటర్లు, అందులో ఒక్క ఎగ్జిట్ తప్పితే తరవాతి దాని దాకా పోయి తిరిగి రావాలి, అక్కడ ఈ బొమ్మ విలువ తెలుస్తుంది. స్పీడ్ బ్రేకర్లు, ప్రమాదకరమైన మలుపులు కూడా ముందే చెబుతుంది. 2025 అక్టోబరులో కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ కూడా దీన్ని వాడి చూపించారు.

పైగా ఇది మన నావిక్ ఉపగ్రహాలతో పనిచేస్తుంది కాబట్టి గూగుల్ కంటే కచ్చితంగా ఉంటుంది. మన డేటా మన దేశంలోనే ఉంటుంది. ఇంకా విదేశీ యాప్‌లకి ఎందుకు అతుక్కుపోవాలో నాకర్థం కాదు.

సర్వే_మాస్టారు | శనివారం రాత్రి 10.58

కార్తీక్ గారూ, జంక్షన్ బొమ్మల విషయంలో మీతో ఏకీభవిస్తాను. నావిక్ సంగతి మాత్రం అలా కాదు. మనం ఎక్కడున్నామో కనిపెట్టేది యాప్ కాదు, ఫోన్లో ఉన్న చిప్. అమెరికా జీపీఎస్, రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బైడౌ, మన నావిక్, వీటిలో తనకు అందేవాటి సంకేతాలన్నీ కలిపి అది లెక్క కడుతుంది. వచ్చిన అక్షాంశ రేఖాంశాలను అడిగిన ప్రతి యాప్‌కీ ఒకేలా ఇస్తుంది. మీ ఫోన్ చిప్‌కి నావిక్ అందితే గూగుల్‌కీ ఆ లాభం ఉంటుంది. అందకపోతే మ్యాపుల్స్‌కీ ఉండదు. క్వాల్‌కామ్ నావిక్ అందుకునే చిప్‌లను 2020 జనవరిలో ప్రకటించింది. ఐఫోన్లలో అది 15 ప్రోతో వచ్చింది. మీ ఫోన్ సంగతి తెలుసుకోవాలంటే జీపీఎస్‌టెస్ట్ అనే ఉచిత యాప్ వేసుకుని ఆరుబయట నిలబడండి. ఏ దేశం ఉపగ్రహాలు అందుతున్నాయో జెండాలతో సహా కనిపిస్తుంది.

శ్రీను గారూ, మీ కొత్త ఫోన్‌కి ఎల్1, ఎల్5 రెండు ఫ్రీక్వెన్సీలు ఉన్నాయేమో కూడా అందులోనే చూడండి. ఎత్తైన భవనాల మధ్య సంకేతం అద్దాల గోడలకు తగిలి ఆలస్యంగా వస్తుంది. అప్పుడే మన బాణం పక్క రోడ్డు మీదికి గెంతుతుంది. రెండు ఫ్రీక్వెన్సీలు ఉన్న ఫోన్లో ఆ గెంతులు తగ్గుతాయి. గచ్చిబౌలి, నానక్‌రాంగూడ వైపు తిరిగేవాళ్లకి ఇది యాప్ మార్చడం కంటే ఎక్కువ తేడా చూపిస్తుంది.

నిర్వాహకుడు | ఆదివారం ఉదయం 7.05

స్వదేశీ, విదేశీ చర్చ మీద నాకు రాత్రి వచ్చిన ఫిర్యాదులు చాలు. దానికి వేరే చోటుంది, అక్కడికి వెళ్లండి. రెండు పోస్టులు తీసేశాను. ఇక్కడ దారి గురించే మాట్లాడుకుందాం.

నిజాంపేట_రైడర్ | ఆదివారం ఉదయం 8.15

మాస్టారూ, ఇంత తెలిసినవాళ్లు దొరికారు కాబట్టి ఒకటి అడుగుతాను. ఫ్లైఓవర్ కింద వెళ్తుంటే పైన వెళ్తున్నట్టు, పైన వెళ్తుంటే కింద ఉన్నట్టు చూపిస్తుందెందుకు? బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర నాకిది రోజూ ఉండే గొడవే.

సర్వే_మాస్టారు | ఆదివారం ఉదయం 8.44

ఆరుబయట కూడా ఫోన్ చెప్పే చోటుకీ నిజంగా ఉన్న చోటుకీ అయిదు మీటర్ల దాకా తేడా మామూలే. ఎత్తులో ఆ తేడా ఇంకా ఎక్కువ. పైన ఫ్లైఓవర్, కింద రోడ్డు ఒకే వరుసలో ఉంటే మీరు ఎక్కడున్నారన్నది యాప్ ఊహించుకోవాల్సిందే. మీరు చెప్పే బయోడైవర్సిటీ దగ్గరైతే ఫ్లైఓవర్లు రెండంతస్తులు. కిందున్నవాడికి ఆకాశం కూడా సరిగ్గా కనపడదు, ఉపగ్రహాలు సగం పోతాయి.

దీనికి మందు ఎక్కాక సరిచేసుకోవడం కాదు, ఎక్కకముందే వినడం. గూగుల్ 2024 జూలైలో ఫ్లైఓవర్ ఎక్కాలో వద్దో ముందే చెప్పడం 40 నగరాల్లో మొదలుపెట్టింది. మ్యాపుల్స్ బొమ్మ చూపిస్తుంది. ఏదైనా సరే, ఫ్లైఓవర్‌కి అర కిలోమీటరు ముందు ఒకసారి స్క్రీన్ వైపు చూడండి, ఆ తరవాత ఒక నిమిషం పాటు బాణాన్ని నమ్మకండి.

ఇంకొకటి. బయల్దేరేటప్పుడు బాణం తప్పు వైపు చూపిస్తోందని చాలామంది యాప్‌ని తిడతారు. ఆగి ఉన్నప్పుడు దిక్కు చెప్పేది ఫోన్లోని దిక్సూచి. కదిలాక, మనం ఎటు పోతున్నామో దాన్ని బట్టి యాప్ దిక్కు కనిపెడుతుంది. అయస్కాంతంతో అంటుకునే హోల్డర్‌లో ఫోన్ పెడితే దిక్సూచి తికమక పడుతుంది. ఫోన్ చేతిలోకి తీసుకుని ఎనిమిది అంకె ఆకారంలో నాలుగైదు సార్లు తిప్పండి, కుదురుకుంటుంది. లేదంటే పది అడుగులు ముందుకు కదలండి.

గోదారి_గట్టు | ఆదివారం ఉదయం 10.30

శ్రీను గారు మా పాలకొల్లు అల్లుడన్నమాట. అయితే మర్యాదగా చెప్పాల్సిందే.

బాబూ, మా వైపు మ్యాప్‌లో రోడ్డులా కనిపించేవన్నీ రోడ్లు కావండి. కాలువ గట్టు, పుంత, చేల మధ్య డొంక, ఆకాశం మీంచి ఫొటో తీస్తే అన్నీ ఒకేలా తెల్లటి గీతలే. యాప్‌కి కావలసింది తక్కువ దూరం. మూడు కిలోమీటర్లు కలిసొస్తుందని గట్టు ఎక్కించేస్తుంది. ఎదురుగా ట్రాక్టరు వస్తే ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేను, వెనక్కి నడపడం తప్ప గతి ఉండదు. వాన పడితే ఆ మట్టి మీద కారు నిలవదు. పెళ్లిళ్ల సీజన్లో హైదరాబాద్ కార్లు గట్ల మీద ఇరుక్కోవడం, మా కుర్రాళ్లు వెళ్లి తోయడం మాకు మామూలే. ఏ యాప్ పెట్టుకున్నారని మేం అడగం, తోసి పంపించేస్తాం.

మీరు చేయాల్సింది ఒకటుంది. ఏలూరు దాటాక అది మీకు మూడు నాలుగు దారులు చూపిస్తుంది. దాని ఇష్టానికి వదిలేయకుండా తాడేపల్లిగూడెం, భీమవరం గానీ, తణుకు గానీ మధ్యలో స్టాప్‌గా పెట్టేయండి. అప్పుడు పెద్ద రోడ్డు వదలదు. నిమిషాలు ఎక్కువ చూపిస్తుంది, చూపించనివ్వండి.

నర్సాపురం నుంచి సఖినేటిపల్లి వైపు వెళ్లే పనుంటే పంటు, అంటే గోదారి దాటించే పెద్ద పడవ, సంగతి గుర్తుపెట్టుకోండి. మ్యాప్ గోదారి మీద నుంచే దారి గీసి చూపిస్తే కంగారు పడకండి, అది పంటు దారే. మామూలు రోజుల్లో మంచి దారి, కారు కూడా ఎక్కించుకుంటారు, పిల్లలకి సరదా. వరదొస్తే ఆపేస్తారు. రాత్రి పొద్దుపోయాక దాన్ని నమ్ముకోవద్దు. సెట్టింగ్స్‌లో ఫెర్రీలు వద్దని నొక్కితే చించినాడ వంతెన మీదుగా తిప్పుతుంది. చుట్టే, కానీ ఖాయం.

ఊరి పేరు ఒక్కటే కొట్టి బయల్దేరడం కూడా ప్రమాదమండి. రామాపురాలు, కొత్తపల్లిలు, వెంకటాపురాలు ఎన్ని ఉన్నాయో లెక్కే లేదు. మండలం పేరు కూడా కలిపి కొట్టండి. ఈ మధ్య శుభలేఖల మీద క్యూఆర్ కోడ్ వేయిస్తున్నారు, మంచి పద్ధతి. అయితే అది ఫంక్షన్ హాలుకి పెడతారు గానీ పెళ్లికూతురింటికి పెట్టరు. ముందురోజు వెళ్లేవాళ్లు అడిగి తీసుకోవాలి.

పార్సిల్_తమ్ముడు | ఆదివారం మధ్యాహ్నం 2.40

అన్నలందరికీ నమస్తే. రోజంతా మ్యాప్ చూసి బతికేవాణ్ణి, నా మాట కూడా వినండి. ఏ యాప్ అయినా వీధి చివరి దాకా తెస్తుంది. ఆ తర్వాతి రెండొందల మీటర్లే అసలు పని. అక్కడ తప్పు యాప్‌ది కాదు, పిన్‌ది. గేటెడ్ కమ్యూనిటీకి నాలుగు గేట్లుంటాయి, పిన్ మధ్యలో క్లబ్‌హౌస్ మీద ఉంటుంది. యాప్ దానికి దగ్గర్లో ఉన్న రోడ్డుకి తీసుకుపోతుంది, అక్కడ చూస్తే గోడ. ఆసుపత్రులు కూడా అంతే, అత్యవసర విభాగం ఒక వీధిలో, పిన్ ఇంకో వీధిలో. ఇంట్లో పెద్దవాళ్లున్నవాళ్లు మీకు దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీ గేటు ఎక్కడో ఇప్పుడే చూసి సేవ్ చేసి పెట్టుకోండి. ఆ టెన్షన్‌లో వెతుక్కోలేరు.

కస్టమర్లు 'లొకేషన్ పంపా చూడు' అంటారు. చూస్తే వాళ్ల ఆఫీసు. పార్సిల్ ఇంటికి, లొకేషన్ కూర్చున్న చోటికి! ఇంటి పిన్ పంపాలంటే మ్యాప్‌లో మీ గేటు మీద వేలు నొక్కి పట్టుకోండి, ఎర్ర పిన్ పడుతుంది, ఆ చోటుని చెప్పే ప్లస్ కోడ్ అనే చిన్న కోడ్ కూడా వస్తుంది, దాన్ని పంపండి. మ్యాపుల్స్‌కి ఆరు అక్షరాల పిన్ వేరే ఉంది. 2025 మేలో తపాలా శాఖ డిజిపిన్ అని తెచ్చింది, దేశమంతా నాలుగు మీటర్ల గళ్లుగా విడగొట్టి గడికో పదక్షరాల కోడ్ ఇచ్చారు. దాని తయారీలో మన ఐఐటీ హైదరాబాద్ కూడా ఉంది. మంచిదే, కానీ నాకింతవరకు ఏ కస్టమరూ డిజిపిన్ చెప్పలేదు. అత్తాపూర్‌లో అయితే ఇప్పటికీ పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ నంబరే అడ్రసు. నిజం చెప్పాలంటే దాన్ని మించింది లేదు.

చందానగర్_లక్ష్మి | ఆదివారం మధ్యాహ్నం 3.02

ఆసుపత్రి గేటు సంగతి చాలా మంచి మాట తమ్ముడూ. ఇప్పుడే నాన్నగారి ఫోన్లో సేవ్ చేశాను.

డాలస్_ప్రసాద్ | ఆదివారం సాయంత్రం 6.18

వేజ్ గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. అది ఇజ్రాయెల్‌లో పుట్టిన యాప్, 2013లో గూగుల్ కొనేసింది. దాని బలం జనం. ముందు వెళ్తున్నవాళ్లు పోలీసులున్నారనో, ప్రమాదం జరిగిందనో, రోడ్డు మీద టైరు పడి ఉందనో ఒక బటన్ నొక్కుతారు, వెనక వచ్చేవాళ్లకి వెంటనే తెలుస్తుంది. ఇక్కడ ఆఫీసుకి వెళ్లేటప్పుడు నాకు అదే. డాలస్‌లో హై ఫైవ్ అని అయిదంతస్తుల జంక్షన్ ఉంది, 75, 635 హైవేలు కలిసే చోటు. అక్కడ లైను ముందే పట్టుకోకపోతే పని అయిపోయినట్టే, ఆ ఒక్కచోటికి మాత్రం ఆపిల్ మ్యాప్స్ చూపించే లైన్ల బొమ్మ నాకు నచ్చుతుంది.

సెలవులకి హైదరాబాద్ వచ్చినప్పుడు వేజ్ తెరిస్తే రిపోర్టులు పెట్టేవాళ్లు పెద్దగా కనిపించలేదు. పెట్టే జనం లేకపోతే దానిలో ప్రత్యేకత ఏమీ మిగలదు. ఇంకోటి, వేజ్‌లో మ్యాప్ దింపి పెట్టుకునే వీలు లేదు, నెట్ ఉండాల్సిందే. కాబట్టి శ్రీశైలానికి అది కుదరదు. ఒక్క సరదా మాత్రం ఉంది: మన గొంతే రికార్డు చేసి పెట్టుకోవచ్చు. మా అమ్మాయి 'డాడీ, కుడివైపు!' అని అరుస్తుంటుంది, ఆ గొంతు నేను ఎప్పుడూ మిస్సవను.

పటం_పిచ్చి | ఆదివారం రాత్రి 8.55

నెట్ లేని చోటికి ఆర్గానిక్ మ్యాప్స్. రాష్ట్రాలవారీగా మ్యాప్ దింపుకోవచ్చు, ప్రకటనలు లేవు, మీరు ఎక్కడెక్కడ తిరిగారో దాచుకోదు, బ్యాటరీ తక్కువ తింటుంది. 2025లో అందులోంచి విడిపోయి కోమ్యాప్స్ అని ఇంకోటి వచ్చింది, రెండూ ఇంచుమించు ఒకటే. ఎక్కువ సెట్టింగ్స్ కావాలనుకునేవాళ్లకి ఆస్మ్‌అండ్ ఉంది, దాన్ని అర్థం చేసుకోవడానికి ఒక ఆదివారం పోతుంది. ఈ మూడింటికీ మూలం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, 2004లో బ్రిటన్‌లో మొదలైంది. వికీపీడియాలాగా ఎవరైనా దిద్దొచ్చు.

లోపాలు కూడా చెప్పాలి. ట్రాఫిక్ ఉండదు. కొత్త హోటల్, కొత్త షాపు వెతికితే దొరక్కపోవచ్చు. మన ఊళ్లలో ఎవరైనా గీసినవాడుంటే గుడి, చెరువు, బోరింగు దాకా ఉంటాయి. లేకపోతే ఊరి పేరు, ఒక రోడ్డు, అంతే. గోదారి_గట్టు గారూ, మీరు చెప్పిన గట్టు సమస్యకి ఇక్కడ మందుంది. ఆ దారిని 'మట్టి బాట' అని గుర్తుపెడితే యాప్ దాన్ని మంచి రోడ్డులా చూడదు. స్ట్రీట్‌కంప్లీట్ అని ఆండ్రాయిడ్ యాప్ ఒకటుంది, నిలబడ్డ చోట చిన్న చిన్న ప్రశ్నలు అడుగుతుంది: ఈ రోడ్డు తారా, సిమెంటా, మట్టా? జవాబు నొక్కితే చాలు, మ్యాప్ దిద్దినట్టే. మీ ఊరి కుర్రాళ్లు కార్లు తోసే బదులు ఒక సాయంత్రం ఈ పని చేస్తే సరి.

గూగుల్‌లో కూడా మ్యాప్ ముందే దింపుకోవచ్చు శ్రీను గారూ. అందులో కారు దారి వస్తుంది గానీ ట్రాఫిక్ రాదు, నడక దారి రాదు. దింపిన మ్యాప్‌కి గడువు ఉంటుంది, మధ్యమధ్యలో వైఫైలో తాజా చేసుకోవాలి.

గోదారి_గట్టు | ఆదివారం రాత్రి 9.20

తారా, మట్టా అంటే చెప్పగలంగానీ మా ఊళ్లో కొన్ని రోడ్లు ఎన్నికల ముందు తారు, తరవాత మట్టి. దానికి బటనుందా?

పటం_పిచ్చి | ఆదివారం రాత్రి 9.26

ఉంది సార్. 'చాలా అధ్వాన్నం' అని ఒక బటన్ ఉంది.

అచ్చంపేట_రవి | సోమవారం ఉదయం 6.50

శ్రీశైలం అన్నారు కాబట్టి చెబుతున్నా. మ్యాప్ దింపుకోవడం సరే, గేటు టైము చూసుకున్నారా? హైదరాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్లని మన్ననూర్ చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అడవిలోకి వదలరు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం అది. యాప్ తెరిచి సాయంత్రం ఆరింటికి బయల్దేరితే పదిన్నరకల్లా చేరుస్తానని హాయిగా చెబుతుంది. గేటు దగ్గర తెల్లారేదాకా కార్లో పడుకోవాలి. పిల్లలతో అంటున్నారు, పొద్దున్నే బయల్దేరండి.

మన్ననూర్ దాటాక సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. జీపీఎస్‌కి నెట్ అక్కర్లేదు గానీ దారి అక్కడ తెరిచి వెతకబోతే రాదు. ఇంటి దగ్గరే దారి పెట్టుకుని యాప్ మూయకుండా రండి. దోమలపెంట దాటాక డ్యామ్ దగ్గర ఘాట్ మలుపులు, అక్కడ యాప్ చెప్పే మాట కంటే అద్దంలోంచి కనిపించే రోడ్డు ముఖ్యం. కోతులకి ఏమీ పెట్టకండి, కార్లు ఆపడం వల్లే సగం ఇబ్బంది.

సర్వే_మాస్టారు | సోమవారం ఉదయం 7.30

రవి గారు చెప్పినదానికి కారణం రాస్తాను. ఉపగ్రహాలు ఎక్కడెక్కడున్నాయో ఆ వివరం ఫోన్ మామూలుగా నెట్ నుంచి తెచ్చుకుంటుంది, అందుకే నీలం చుక్క క్షణాల్లో పడుతుంది. నెట్ లేకపోతే ఆ వివరాన్ని ఉపగ్రహాల నుంచే నెమ్మదిగా వినాలి. ఒక్కో ఉపగ్రహం వివరానికి అర నిమిషం పడుతుంది, జీపీఎస్ పూర్తి సందేశం వినడానికి పన్నెండున్నర నిమిషాలు. చెట్ల కింద, కొండ పక్కన అది ఇంకా సాగుతుంది. సిగ్నల్ ఉన్న చోటే చుక్క పడనిచ్చి బయల్దేరితే ఈ బాధ ఉండదు.

వరంగల్_వాన | సోమవారం మధ్యాహ్నం 1.15

దసరా అంటే వానలు పూర్తిగా పోవు. 2024 మేలో హైదరాబాద్ నుంచి కేరళ వెళ్లిన పర్యాటకుల కారు మ్యాప్ చూసుకుంటూ కొట్టాయం జిల్లా కురుప్పంతర దగ్గర వాగులోకి దిగిపోయింది. నలుగురూ బయటపడ్డారు, కారు మునిగింది. అదే ఏడాది నవంబరులో యూపీలో బరేలీ దగ్గర వరదకి కొంత కొట్టుకుపోయిన వంతెన మీది నుంచి కారు నదిలో పడి ముగ్గురు చనిపోయారు. అక్కడ అడ్డుగా ఏమీ పెట్టకపోవడం పెద్ద తప్పు, యాప్ ఒక్కదాన్నే అనలేం. కానీ ఏ యాప్‌లోనూ వాగు పొంగిందా లేదా అని నమ్మకంగా చూపించేది నేను చూడలేదు. మా వైపు లోలెవల్ కాజ్‌వేలు చాలా. నీళ్లు పారుతుంటే ఎంత లోతో మ్యాప్ చెప్పదు, ఒడ్డున గొర్రెలు కాసే మనిషి చెబుతాడు. అద్దం దించి అడగండి.

ఐఫోన్_అనూష | సోమవారం సాయంత్రం 5.40

ఆపిల్ మ్యాప్స్ 2012లో వచ్చినప్పుడు తప్పులకి కంపెనీ సీఈవోగా టిమ్ కుక్ క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. 2016లో ఆయనే హైదరాబాద్ వచ్చి వేవ్‌రాక్ భవనంలో మ్యాప్‌ల కేంద్రం తెరిచారు. అయినా హైదరాబాద్‌లో నేను కూడా గూగులే తెరుస్తాను, దుకాణాల పేర్లు, సమయాలు అందులోనే ఎక్కువ.

బైకు మీద ఐఫోన్ బిగించేవాళ్లకి ఒక మాట. ఎక్కువ శక్తి ఉన్న మోటార్‌సైకిల్ ఇంజన్ల అదురుకి ఐఫోన్ కెమెరా పాడవ్వొచ్చని ఆపిల్ కంపెనీనే 2021లో చెప్పింది. అదురు తగ్గించే హోల్డర్ కొనండి, లేదా జేబులో పెట్టుకోండి.

బస్సు_పాస్ | సోమవారం సాయంత్రం 6.10

బండి లేనివాళ్లం కూడా ఉన్నాం. తెలంగాణ ఆర్టీసీకి గమ్యం అనే యాప్ ఉంది, బస్సు ఎక్కడుందో చూపిస్తుంది. దూరప్రాంత బస్సులకి నాకు బాగా పనికొస్తోంది. మ్యాప్‌లలో బస్సు సమయాలు నమ్మి స్టాపులో నిలబడకండి, అంతే నేను చెప్పేది.

కూకట్‌పల్లి_శ్రీను | సోమవారం రాత్రి 9.05

ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ థాంక్స్. ఒక్క యాప్ అన్న పట్టుదల వదిలేశాను. ఆఫీసుకి గూగుల్, బైకు గుర్తుతో. ఆర్గానిక్ మ్యాప్స్‌లో తెలంగాణ, ఆంధ్ర రెండూ ఇప్పుడే దింపుతున్నాను. మ్యాపుల్స్ ఈ ఆదివారం ఓఆర్‌ఆర్ మీద చూస్తాను. మాస్టారు చెప్పిన యాప్‌లో చూస్తే నా ఫోన్‌కి మన జెండా కూడా కనిపించింది.

ఇంకో రెండు ప్రశ్నలు. టోల్ ఎంతవుతుందో ముందే తెలుస్తుందా? బైకు మీద ఫోన్ బిగిస్తే పోలీసులు ఆపుతారా?

కొంపల్లి_కార్తీక్ | సోమవారం రాత్రి 9.22

టోల్ గూగుల్‌లోనూ వస్తుంది, 2022లో పెట్టారు, మ్యాపుల్స్‌లోనూ వస్తుంది. రెండూ అంచనాలే, పైకం కొంచెం ఎక్కువే ఫాస్టాగ్‌లో ఉంచుకోండి. ఓఆర్‌ఆర్ టోల్ వేరే, అది కూడా కలిపిందో లేదో చూసుకోండి.

నిజాంపేట_రైడర్ | సోమవారం రాత్రి 9.40

2020 అక్టోబరు నుంచి రూల్ ఉందన్నా, దారి చూసుకోవడానికి ఫోన్ వాడొచ్చు, నడిపేవాడి దృష్టి చెదరకూడదు. చేత్తో పట్టుకుని చూస్తూ నడిపితే చలానా ఖాయం. హ్యాండిల్‌కి బిగించు, కింద నుంచి రబ్బరు పట్టీ ఉన్నది తీసుకో, మూసాపేట గుంతల్లో నా పాతది ఎగిరిపోయింది. ఎండాకాలం ఫోన్ వేడెక్కి స్క్రీన్ మసకబారిపోతుంది, అప్పుడు జేబులో పెట్టి తెలుగు గొంతు ఆన్ చేసుకో.

సర్వే_మాస్టారు | సోమవారం రాత్రి 9.48

అయస్కాంతం హోల్డర్ మాత్రం వద్దు.

గోదారి_గట్టు | సోమవారం రాత్రి 10.11

అల్లుడు గారూ, పాలకొల్లు వచ్చే ముందురోజు ఇక్కడే ఒక మెసేజ్ పెట్టండి. ఆ వారం ఎక్కడ తవ్వారో, ఏ కల్వర్టు పని నడుస్తోందో చెబుతాను. మ్యాప్‌కి అది తెలిసేసరికి మావాళ్లు పూడ్చేసి ఇంకోచోట మొదలుపెడతారు.